ఓడరంగుల గోదారి

మా కోడలు ఫోనులో చూపించిన, గోడకి తగిలించే సీనరీ ఐదు ముక్కలుగా ఉంది. మంచుకొండలు, వాటి కింద చెరువు, చెరువులో తలకిందులుగా మళ్ళీ అవే కొండలు. బొమ్మను తప్పు పట్టలేను. కానీ ఒక కొండ సగం ఒక ముక్కలో ఉంది, తక్కిన సగం పక్క ముక్కలో ఉంది, మధ్యలో ఉత్త గోడ కనబడుతోంది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాను. అలాగే ఉంది.

“ఇదేటే, పగిలిపోయిన సరుకు అమ్ముతన్నారా?” అన్నాను.

“పగల్నేదత్తా. కావాలనే అలగ సేత్తారు. ఇప్పుడంతా ఇదే స్టైలు.”

“ముక్కలు సేసి అమ్మితే స్టైలేటి? కోక సింపేసి అమ్మితే కొనీసుకుంటావా?”

“నువ్వు కొన్నేదేటి కట్‌పీసులు? నీ జాకెట్లన్నీ అయే కదా.”

మా కోడలికి నోరుంది. ఉండనీ. అత్తకొక్కదానికే నోరున్న ఇంట్లో పొద్దు గడవదు.

ఈ సీనరీ గొడవంతా హాల్లో సోఫా వెనక గోడ గురించి. మద్దిలపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. మావాడు స్టీల్ ప్లాంటులో పని చేస్తాడు. కోడలు జంక్షను దగ్గర ఒక ఆఫీసుకి వెళ్తుంది. మనవరాలు కాలేజీలో చదువుతోంది. మా ఆయన పోయాక మల్కాపురంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి నేను వీళ్ళ దగ్గరికి వచ్చాను. అప్పటినుంచీ చూస్తున్నాను, ఆ గోడ బోసిగానే ఉంది. కోడలికి దాన్ని చూస్తే దిగులు. నాకు దాన్ని చూస్తే సుఖం. మేకు లేదు, మరక లేదు, తుడిచే పని అంతకన్నా లేదు.

ఆ సాయంత్రమే మల్కాపురం నుంచి పాత ఇంటి ఓనరావిడ ఫోను చేసింది. మావాడు మాట్లాడి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“అమ్మా, మన పాత ఇల్లు పడగొట్టీసి మేడ కడతన్నారంట. మధ్యనున్న అడ్డుచెక్కలు మీయే కదా, గావాలంటే రేపు పొద్దున్న అట్టుకుపోండి అంటంది. నేకపోతే పనోళ్ళు పొయ్యిలో ఎట్టీసుకుంటారంట.”

“రేపు నీది ఏ షిఫ్టు?”

“బి షిఫ్టు.”

“అయితే పొద్దున్న కాళీయే.”

“కాళీయే గానీ, తెచ్చి ఎక్కడ ఎడతావమ్మా? గుమ్మమంత పొడుగు చెక్కలు.”

నేను సోఫా వెనక గోడ వైపు చెయ్యి చూపించాను. మా కోడలు ఫోనులోంచి తలెత్తి గోడనొకసారి, నన్నొకసారి చూసింది. ఆ పిల్ల కాపరానికి వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు ఆ చెక్కల ముందే పక్కేసుకుని పడుకుంది. ఫోను బోర్లా పెట్టేసింది.

ఆ చెక్కల మీద మా ఆయన రాసిన బొమ్మ ఉంది. ఆయన పోయాక చొక్కాలు తలొకరికి ఇచ్చేశాను, వాచీ మావాడు పెట్టుకుంటున్నాడు. ఫోటో ఉందంటే ఉంది, కానీ అందులో ఉన్నది ఆయన మొహమే గానీ ఆయన చేసిన పని కాదు. జీవితమంతా ఆయన రంగులేసిన ఓడలు ఎక్కడికి పోయాయో, ఏ సముద్రంలో తుక్కయ్యాయో ఎవరికి తెలుసు? ఆయన చేత్తో వేసిన రంగు భూమ్మీద మిగిలింది ఆ చెక్కల మీదే. అవి పొద్దున్నే దక్కాలి. దక్కకపోతే ఇంక లేవు.

మా ఆయనది గోదావరి లంక. నాది తగరపువలస దగ్గర. ఆయన పోర్టులో పనికని వచ్చి, ఓడలకి తుప్పు గీకి రంగులేసే గ్యాంగులో కలాసీగా చేరాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆయన నాకంటే ఒక తరగతి ఎక్కువ చదివానని చివరిదాకా చెప్పుకునేవాడు. కాపరానికి వచ్చేసరికి మల్కాపురంలో మా ఇల్లు ఒకటే పొడుగాటి గది. ముందు గుమ్మం, వెనక గుమ్మం, మధ్యలో గోడ లేదు. వీధిలో నిలబడి చూస్తే నా పొయ్యి, నా గిన్నె, గిన్నెలో ఎంత కూరుందో కూడా కనిపించేది. పక్కింటావిడ వీధిలోంచే, “ఈయాల సేపలేటి మీకు?” అని అడిగేది. ఇది కుదరదు, అడ్డం కట్టమని పోరు పెట్టాను.

ఓడల్లో సరుకు కదలకుండా కింద, పక్కల చెక్కలు వేసి తెస్తారు. సరుకు దిగాక వాటితో పని లేదు. పాత కలప కొట్లకి చేరతాయి. మా వీధిలో సగం ఇళ్ళలో పీటలూ అటకలూ ఆ చెక్కలే. మా ఆయన ఎనిమిది చెక్కలు తెచ్చి వరసగా నిలబెట్టి, పట్టీలేసి బిగించాడు. ఇటు ముందుగది, అటు నా వంటిల్లు. నాకు అంతే కావాలి. పని అయిపోయిందనుకున్నాను.

ఆయనకి అవలేదు. సెలవు రోజున బొగ్గుతో ముందుగది వైపు గీతలు గీయడం మొదలెట్టాడు.

“ఏటి గీత్తన్నావు?”

“గోదారి.”

రంగులు కొనడానికి నేను ఒప్పుకోను, ఆయనకి తెలుసు. అందుకని మేస్త్రీ పారేయమన్న డబ్బాల అడుగున మిగిలిన ఓడరంగు అడిగి తెచ్చుకునేవాడు. గడ్డకట్టిన దాన్ని కిరసనాయిలు పోసి కలిపేవాడు. ఇల్లంతా ఓడ వాసన. ఓడలకి ఏ రంగులుంటాయో మా గోదారికీ అవే వచ్చాయి. ఆకాశం ఓడ పక్కలకేసే బూడిద రంగు. మంచమూ పెట్టెలూ అడ్డొచ్చే కింద సగానికీ అదే పులిమి వదిలేశాడు. కొబ్బరాకులు డెక్కు మీద వేసే పచ్చ. కొంగలకి తెలుపు. నీళ్ళకి మాత్రం ఓడ అడుగున వేసే ఎరుపు.

కొబ్బరిచెట్లు చేత్తో వేస్తే ఒంకరొచ్చాయని, ఓడ మీద పేర్లు రాయడానికి రేకు కత్తిరించినట్టే చెట్టు ఆకారం రేకు ఒకటి కత్తిరించుకున్నాడు. దాన్ని ఆనించి రంగు అద్దుకుంటూ పోయాడు. దాంతో మా గోదారి ఒడ్డున చెట్లన్నీ ఒక్క కాన్పులో పుట్టినట్టు ఉండేవి. పడవకి పైన నలుపు, నీటి గీత కింద ఎరుపు వేశాడు, ఓడలకి వేసే అలవాటున. నీళ్ళూ ఎరుపే, పడవ అడుగూ ఎరుపే. దాంతో పడవ కింద సగం గోదాట్లో కలిసిపోయింది. పసుపు క్రేన్లకేసే రంగు, ఎప్పుడో గాని మిగలదు. సూర్యుణ్ణి సగం వేసేసరికి డబ్బా అయిపోయింది.

“సగం సూర్యుడేటయ్యా?”

“ఉదయిస్తున్నాడే.”

“డబ్బా అయిపోయిందని సెప్పొచ్చు కదా.”

“అయిపోయింది గనకే ఉదయిస్తున్నాడు. ఇంకో డబ్బా దొరికితే మధ్యాన్నం చేసేస్తా.”

ఆ మధ్యాహ్నం ఎప్పుడూ రాలేదు.

నీళ్ళ ఎరుపు మీద మాత్రం మేమిద్దరం చాలాకాలం పోట్లాడుకున్నాం. నీళ్ళెక్కడన్నా ఎర్రగా ఉంటాయా, నీలం దొరక్క ఆ రంగు పులిమేవు అని నేను. వరదలో గోదారి ఎర్రగానే ఉంటుంది, నువ్వు చూశావా ఏంటి అని ఆయన. నేను చూసినవి మా ఊరి దగ్గర ఏరూ, విశాఖ సముద్రమూ. ఎవరింటికొచ్చినా నేను ముందే చెప్పేదాన్ని, నీలం నేక ఎరుపేసేడు, నవ్వకండి అని.

తరవాత ఒక శ్రావణ మాసంలో వాళ్ళ అక్క కూతురి పెళ్ళికి రైల్లో వెళ్ళాం. బండి రాజమండ్రి వంతెన ఎక్కింది. కిటికీలోంచి చూస్తే కింద, అవతలి ఒడ్డు కనపడనంత మేర, మా ఇంటి చెక్కల మీద రంగు. అచ్చం అదే. ఓడ అడుగు ఎరుపు. వంతెన దాటేదాకా ఆయన నీళ్ళ వైపు చూడలేదు. నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆ మీదట వచ్చినవాళ్ళకి నీలం మాట చెప్పడం మానేశాను.

బొమ్మలో ఒకటే కొరత ఉండిపోయింది. వంటింట్లోకి వచ్చే దారి పక్కన చిట్టచివరి చెక్క మీద ఒక రేవు వేశాడు. నాలుగు మెట్లు నీళ్ళలోకి దిగుతాయి. మెట్ల మీద ఎవరూ లేరు.

“రేవులో మడిసి నేకపోతే ఎలగ?” అన్నాను.

“నిన్నే నిలబెడతా. నీలం రంగు దొరకనీ, నీలం కోక కట్టి నిలబెడతా.”

“ముందు నాకు నీలం కోక కొను. తరవాత రాద్దువు గానీ.”

కోక ఎప్పుడో కొన్నాడు గానీ నీలం రంగు మాత్రం ఆయన చేతికి మిగల్లేదు. ఆయన గ్యాంగుకి వచ్చిన ఓడలకి ఆ రంగు పడలేదేమో. రేవు అలాగే ఖాళీగా ఉండిపోయింది.

మా వీధి వాళ్ళకి ఆ బొమ్మే ఫోటో స్టూడియో అయింది. పక్కింట్లో ఒక క్రైస్తవుల కుటుంబం ఉండేది. వాళ్ళ చంటిదాని పుట్టినరోజుకి కెమెరా ఆయన్ని పిలిపించి, మా ముందుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ తరవాత ఇంక చెప్పక్కర్లేదు. ఓణీలకి, నిశ్చితార్థాలకి, ఉద్యోగం వచ్చినందుకు, ఊరికే కొత్త చొక్కా కుట్టించుకున్నందుకు కూడా వచ్చి మా గోదారి ముందు నిలబడేవారు. కెమెరా ఆయన, “కొంచెం ఇటు జరుగమ్మా, సూర్యుడు నెత్తి మీద కొమ్ములా వత్తన్నాడు” అనేవాడు. సంబంధాలకి పంపిన ఫోటోలు చూసి, “ఈ అమ్మాయిది గోదావరి జిల్లా అనుకున్నాం” అని అవతలివాళ్ళు అన్నారని పక్కింటావిడ చెప్పి చెప్పి నవ్వేది.

నాకు కోపం వచ్చేది, ఊరివాళ్ళ కాళ్ళ మట్టి నేను ఊడవాలని. అయినా ఒకరినీ పొమ్మనలేదు. పోర్టులో దింపే బొగ్గు నలుపూ, ఇనపరాయి ఎరుపూ కలిసి మా ఇళ్ళ మీద దుమ్ముగా వాలేవి. పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ప్రతి శుక్రవారం కిరసనాయిలు గుడ్డతో ఆ చెక్కలు పైనుంచి కిందకి తుడిచేదాన్ని. ఆకాశం తుడిస్తే గుడ్డ నల్లగా, గోదారి తుడిస్తే ఎర్రగా వచ్చేది.

అంతే. బొమ్మకీ నాకూ ఆ శుక్రవారం పనే. మిగతా పొద్దంతా నేను దాని వెనక ఉండేదాన్ని. ముందుగదిలో వాళ్ళు గోదారి ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, ఇటు చెక్కల వెనక నేను టీ కాచేదాన్ని.

సరే, పొద్దున్న సంగతికొస్తాను. ఆదివారం గనక అందరూ ఇంట్లోనే ఉన్నారు. మావాడికి తెలిసిన వడ్రంగి ఒకడున్నాడు. అతన్నీ, ఒక ట్రాలీ ఆటోనీ వెంటబెట్టుకుని బయల్దేరాం. వద్దన్నా వినకుండా నేనూ ఆటోలో వెనక కూర్చున్నాను. వెళ్ళేసరికి పెంకులు దించేస్తున్నారు. ఇంట్లోకి పైనుంచి ఎండ పడుతోంది. ఆ గదిలో ఎండ చూడడం నాకదే మొదలు. మా తరవాత ఉన్నవాళ్ళు చెక్కల మీద పిల్లల అక్షరాల చార్టు అంటించారు, దేవుడి క్యాలెండరు కొట్టారు. చార్టు పీకితే కింద కొబ్బరిచెట్టు అలాగే ఉంది.

వడ్రంగి గోటితో గీకి చూశాడు. “బావా, ఇది ఓడరంగు. ఇల్లు పోద్ది గానీ ఇది పోదు” అన్నాడు.

“ఇప్పు, ఇప్పు. బేగి ఇప్పు. మీదనుంచి పెంకులడిపోతన్నాయి” అని నేను కేకలేశాను.

పట్టీలు ఊడదీసి చెక్కలు ఒక్కోటే దించారు. వడ్రంగి బుద్ధిమంతుడు. ప్రతి చెక్క మీదా సుద్దముక్కతో అంకె వేసి ఆటోలోకి ఎక్కించాడు. పై కప్పు దుమ్మంతా వాటి మీదే ఉంది. మద్దిలపాలెం వచ్చి మా అపార్టుమెంటు గేటు దగ్గర దింపాక నాకు చెయ్యి ఊరుకోలేదు. ఆ దుమ్ముతో ఇంట్లోకి ఎలా తెస్తాను? వాచ్‌మన్‌ భార్యని అడిగి పాత గుడ్డ తీసుకున్నాను. కిరసనాయిలు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? వడ్రంగి దగ్గర టర్పెంటు ఉంటే అదే తడిపి, వాళ్ళు లిఫ్టు కోసం చూస్తూ ఉండగా, చెక్కలన్నీ పైనుంచి కిందకి శుభ్రంగా తుడిచి పెట్టాను. గుడ్డ నల్లగా వచ్చింది, ఎర్రగా వచ్చింది. చాలాకాలానికి చేతికి పని తగిలినట్టనిపించింది.

లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా మోసి హాల్లో పేర్చారు. మావాడు చొక్కా విప్పేసి, చెమట తుడుచుకుని, మొదటి చెక్క ఏదా అని చూశాడు.

“అమ్మా, అంకెలేయి?”

“ఏ అంకెలు?”

“సుద్దతో ఏసినయ్యమ్మా.”

వడ్రంగి నా చేతిలో గుడ్డ చూశాడు. “అయిపోయింది బావా. మామ్మ అంకెలు కూడా తుడిసీసింది.”

నా కోడలు వంటింట్లోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఓలమ్మ, దుమ్మైతే నేదు కదా ఇప్పుడు? అదే పదివేలు.”

“నవ్వకండి. బొమ్మ సూసి ఎట్టుకోనేరా ఏటి? కళ్ళు నేవా?” అని గదమాయించాను.

కళ్ళున్నాయి గానీ లాభం లేకపోయింది. సూర్యుడు రెండు చెక్కల మీద ఉన్నాడు, ఆ రెండూ కలిశాయి. పడవ రెండు చెక్కలు, అవీ కలిశాయి. రేవు చెక్క చివరిదని నేను చెప్పాను. మిగిలినవాటి మీద ఒక్కో కొబ్బరిచెట్టు, పైన బూడిద, కింద ఎరుపు. రేకు పెట్టి వేసిన చెట్లాయె, ఏది ముందో ఏది వెనకో బ్రహ్మదేవుడికి తెలియదు. ఒడ్డు గీత కలుపుదామంటే అంచులు అరిగిపోయి ఉన్నాయి. సూర్యుడు పడవకి ఇటా అటా అన్న దగ్గరే తల్లీకొడుకులం వాదులాడుకున్నాం. మనవరాలు పాత ఆల్బం తీసుకొచ్చింది. ఏ ఫోటోలో చూసినా ముందు మనుషులు నిలబడి ఉన్నారు. అందరి తలల వెనకా కాస్త కాస్త గోదారి ఉంది గానీ మొత్తం గోదారి ఒక్కదాంట్లోనూ లేదు.

మావాడు గడియారం చూసుకున్నాడు. “నాను డ్యూటీకెళ్ళాలమ్మా. ఏదో ఒకలాగ ఎట్టీసుకుందుం. ఎవులికి తెలుత్తాది?”

“నాకు తెలుత్తాది” అన్నాను. అనడమైతే అన్నాను గానీ నాకూ తెలియదు. ఇన్నేళ్ళు తుడిచాను కదా, ఏ చెట్టు పక్కన ఏ చెట్టో నా కంటికి రావడం లేదు. తుడిచేవాళ్ళు మరకలు చూస్తారు గానీ బొమ్మ చూడరు.

ఈలోగా వడ్రంగి ఒక చెక్కని పక్కకి జరపబోయి బోర్లా పడుకోబెట్టాడు. వెనక వైపు పైకొచ్చింది. నల్లటి మసి, మసి మధ్యలో మూడు మేకుల కన్నాలు.

“అది పొయ్యి ఎనకది” అన్నాను.

“ఏటి?”

“పొయ్యి ఎనక సెక్క. ఆ మేకులకి గరిటెలు ఏలాడదీసేదాన్ని. అన్నీ తిరగెయ్యండి. అన్నీ బోర్లా ఎట్టండి.”

తిరగేశారు. నాకు వెతుక్కోవలసిన పనే లేకపోయింది. పొయ్యి వెనక చెక్క మీద మసి దట్టంగా ఉంది. వెనక గుమ్మంలోంచి గాలి ఎప్పుడూ ఒకే వైపు తోసేది, అందుకని ఆ మసి పక్క చెక్క మీదకి వాలి పల్చబడింది. దాని పక్కది అలమర చెక్క, అడ్డంగా అట్లకాడంత తెల్లటి చార, డబ్బాలు ఆనిన చోటు. ఆ పక్కన నీళ్ళ బిందె చెక్క, అడుగున నాని నల్లబడింది. అవతల నేను పసుపు చేతులు ఆనించి లేచే చెక్క, నడుం ఎత్తులో వేళ్ళ ముద్రలు, ఒకదాని మీద ఒకటి పడి పచ్చగా. నేలమీద పాక్కుంటూ వెళ్ళి ఒక్కోటే చెప్పాను, వాళ్ళు జరిపారు. చివరికి నా వంటిల్లు మొత్తం మద్దిలపాలెం హాల్లో నేల మీద పరుచుకుంది. పొయ్యీ గిన్నెలూ లేవు, వాటి జాడలున్నాయి. మనవరాలు వంగి పసుపు వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించి చూసుకుంది.

“ఇప్పుడు ఎక్కడియక్కడే తిప్పీండి” అన్నాను.

ఒక్కో చెక్కా ఉన్నచోటే తిరగేశారు. చూస్తే పడవ ముక్కూ తోకా మధ్యలో ఎదురెదురుగా గుద్దుకుంటున్నాయి. సూర్యుడి రెండు ముక్కలూ వీపులానించుకుని కూర్చున్నాయి.

ఇంతసేపూ నేను చెప్పింది తప్పా? నా వంటిల్లు నేనే మరిచిపోయానా? మావాడు నా వైపు చూసి చొక్కా తొడుక్కోవడం మొదలెట్టాడు.

మా కోడలు మాత్రం చెక్కల చుట్టూ ఒకసారి నడిచింది. ఇటొచ్చి చూసింది, అటెళ్ళి చూసింది. ఫక్కున నవ్వింది.

“అత్తా, నువ్వు సెప్పింది కరెష్టే. నువ్వు అటునించి సెప్పేవు, మేం ఇటునించి సూత్తన్నాం. వంటింట్లోంచి ఎడం పక్కదంటే ముందుగదిలోకి కుడి పక్క కదా? ఆ సివరది ఈ సివరికి అట్టుకురండి.”

ఆ చివరది ఈ చివరికి, ఈ చివరది ఆ చివరికి మార్చుకుంటూ వచ్చారు. సూర్యుడు కలిశాడు. పడవ కలిసింది. కొబ్బరిచెట్ల మధ్య నుంచి ఎర్రటి నీళ్ళు ఎక్కడా తెగకుండా ఈ కొస నుంచి ఆ కొసకి, రేవు దాకా వచ్చి ఆగాయి. మావాడు గుండీలు పెట్టుకుంటూ అలాగే నిలబడిపోయాడు. తరవాత వంగి, పడవ మీద చెయ్యి వేసి, లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

గోడకి బిగించేటప్పుడు ఇంకో పేచీ వచ్చింది. చెక్కల కింద సగం బొమ్మ లేదు, ఉత్త బూడిద రంగు, అక్కడ మంచమూ పెట్టెలూ ఉండేవి. ఆ సగం కోసేశారు. ఆ ముక్కలు పారేయనివ్వలేదులెండి, బాల్కనీలో కుండీల కింద పీటలయ్యాయి. అసలు చిక్కేమిటంటే చెక్కలన్నీ ఎండి ఒంకర్లు పోయాయట, ఒకదానికొకటి ఆనించి బిగిస్తే చీలిపోతాయట. మధ్యలో కాస్త కాస్త ఖాళీ వదలాలన్నాడు వడ్రంగి.

మా కోడలు నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ నవ్వు ఆపుకునే మొహం నాకు తెలుసు.

“ఐదు ముక్కలకే పగిలిపోయిన సరుకన్నావు. ఇయ్యి ఎనిమిది. ఏటత్తా, స్టైలా?”

“నోరు మూసుకుని ఆ మేకులందియ్యి” అన్నాను.

ఖాళీలు వదిలేసరికి గోడ చాలలేదు. ఏడు పట్టాయి, ఎనిమిదోది కిటికీ మీదకి పోతోంది. మధ్యలో ఏది తీసినా పడవో సూర్యుడో తెగుతుంది. మిగిలింది రేవు చెక్క ఒక్కటే. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. కష్టపడి తెచ్చింది అటక ఎక్కించడానికా? మంచం కిందకి తొయ్యడానికా? ఒక చెక్క పోతేనేం, ఏడున్నాయి కదా అని ఎవరైనా అంటే మీద పడదామని చూస్తున్నాను.

మా కోడలు దాన్ని నా చేతుల్లోంచి తీసుకుంది. వంటింట్లోకి పట్టుకెళ్ళి, స్టవ్వు వెనక, కిటికీ పక్కన సన్నటి గోడ ముక్కకి ఆనించి చూసింది. కొలిచినట్టు సరిపోయింది.

“ఇక్కడ కొట్టన్నా” అంది వడ్రంగితో.

“పోపు జిడ్డంతా దాని మీదే పడతాదే” అన్నాను.

“పడితే నువ్వు తుడుత్తావు కదా. నీకు శుక్కురారం పని నేక సేతులు దురదెడతన్నాయి.”

“బొమ్మ బయటికెట్టి కొడతన్నావా?”

“మరి మసి బయటికెడతానేటి? ఇన్నాళ్ళూ ఎనక్కే సూసేవు. ఇంక ముందుకి సూడు.”

మెట్లు మాత్రమే ఉన్న ఆ చెక్క ఇప్పుడు స్టవ్వు వెనక, నా కళ్ళెదురుగా ఉంది. హాల్లోకి వచ్చినవాళ్ళంతా గోదారి బాగుందంటారు, నీళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని అడుగుతారు. మా కోడలే చెబుతుంది, వరదలో అలాగే ఉంటుందని. చూసినట్టే చెబుతుంది.

మొన్న మనవరాలు టీ కోసం వంటింట్లోకి వచ్చి ఆ ఖాళీ మెట్లు చూసింది. తాతయ్య నీలం రంగు కోసం చూశాడని నేనే ఎప్పుడో చెప్పాను.

“నానమ్మా, నీలం రంగు చిన్న ట్యూబు ఆన్‌లైన్లో పెట్టనా? రేపొచ్చీసుద్ది. నేనే రాస్తాను నిన్ను.”

“వొద్దు.”

“డబ్బులకేటి? నా పాకెట్ మనీతోనే.”

“డబ్బులక్కాదే. ఒగ్గీ. అలగే బాగుంది.”

అది టీ తీసుకుని వెళ్ళిపోయింది. పాలు పొంగుకొస్తున్నాయి. నూనె సీసా కొంచెం ఇవతలికి జరిపి, మంట తగ్గించి, రేవుకి ఎదురుగా నిలబడి గరిటె తిప్పుతూ ఉన్నాను.